ఏడువందల గ్రాములు

సంచీలో ఉన్నవన్నీ మంచం మీద బోర్లించాడు. తెల్లారినప్పటినుంచి ఇది నాలుగోసారి. నీళ్ల సీసా దొర్లుకుంటూ పోయి దుప్పటి మడతలో ఆగింది. దాని వెనకే టార్చిలైటు, మోకాలి పట్టీ, పలచటి వానకోటు, రెండు జతల మేజోళ్లు, బిస్కెట్ల పొట్లం, ఫోను, ఫోనుకి చార్జింగు పెట్టే ఇటుకంత డబ్బా, రక్తంలో చక్కెర చూసుకునే మీటరు, గ్లూకోజు బిళ్లలు, దూది, టించరు సీసా పడ్డాయి. కొండెక్కేవాడికి కూడా ఇంత సరంజామా ఉండదు. తను ఎక్కేది కొండ కాదు. కాలవగట్టు రోడ్డు మీద, ఊరి చివర నుంచి ఆనకట్ట దాకా పద్దెనిమిది కిలోమీటర్లు, చదునైన నేల మీద పరుగు.

"అత్తయ్యా, ఈ టించరెందుకు?" అని అరిచాడు వంటగది వైపు.

"పడితే?"

"పడితే వాలంటీర్లు ఉంటారు కదా."

"వాళ్లు పడితే?"

అతను టించరు సీసాని పక్కన పెట్టాడు, మళ్లీ తీసి సంచీలో వేశాడు, మళ్లీ పక్కన పెట్టాడు.

అతను వేబ్రిడ్జి గుమాస్తా. రోజంతా లారీలు తూకం వేసి చీటీలు చింపి ఇచ్చే ఉద్యోగం. యాభై ఆరేళ్లు. భార్య పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక అత్తగారు ఎక్కడుండాలి, అతను ఎలా ఉండాలి అనే మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు. పదిహేనో రోజు పొద్దున వంటగదిలోకి వెళ్తే గట్టు మీద రెండు టీ కప్పులు బోర్లించి ఉన్నాయి. అంతే. ఆ రెండు కప్పుల మీదే ఇన్నాళ్లూ ఇల్లు నడిచింది.

ఇప్పుడు ఒక కప్పు ఖాళీ అవ్వాల్సిన పని పడింది. అత్తగారి అక్క ఒకావిడ, రెండు రోజుల రైలు దూరంలో, మంచం పట్టి ఉంది. ఏడాది తిరగడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. వారానికోసారి ఫోను చేసి, "ఎప్పుడొస్తావే? నేనున్నప్పుడే రావే" అంటుంది. ఈవిడ "వస్తాలే" అంటుంది. ఫోను పెట్టేశాక బట్టలు మడతపెడుతూ కూర్చుంటుంది, మడతపెట్టినవే విప్పి మళ్లీ మడతపెడుతూ.

వెళ్లనివ్వనిది అల్లుడు కాదు, అల్లుడి చక్కెర. ఎనిమిది నెలల క్రితం వేబ్రిడ్జి కిటికీ దగ్గర చక్కెర తగ్గి కళ్లు తిరుగుతున్నాయని తెలిసి కూడా, లైన్లో లారీలున్నాయి, ఇదొక్కటి, ఇదొక్కటి అనుకుంటూ తొమ్మిది లారీలు తూచి, పదోదానికి కుర్చీలోంచి కింద పడ్డాడు. నుదుటి మీద నాలుగు కుట్లు. అప్పటినుంచి ఆవిడ ఇల్లు దాటి రెండో వీధికి పోలేదు.

నెల క్రితం భోజనాల దగ్గర అతనే కదిపాడు. "ఆ ఆనకట్ట పరుగు నేనొక్కణ్ణే, ఎవరి సాయం లేకుండా పూర్తిచేసి వస్తే, మీరు పెద్దత్తయ్య దగ్గరికి వెళ్తారా?"

ఆవిడ మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "చూద్దాం" అంది.

ముప్ఫై ఏళ్లుగా ఆవిడ అల్లుడు అతను. ఆ 'చూద్దాం'లో ముప్పాతిక వంతు ఒప్పుకోలు ఉంటుందని తెలుసు. మిగతా పాతికే రేపు పొద్దున తేలాలి.

చిక్కల్లా టైముతోనే. రెండున్నర గంటల్లో ఆనకట్ట చేరాలి. అది దాటితే వెనకాలే ఒక వ్యాను వచ్చి, ఎక్కడివాళ్లని అక్కడ ఎక్కించేసుకుంటుంది. ఏమీ మొయ్యకుండా పరిగెడితే అతనికి రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. పోయిన వారం అత్తగారు సర్దిన సంచీ తగిలించుకుని వెళ్లి చూశాడు. మూడు కిలోల పైమాట. అడుగడుగుకీ వీపు మీద ఎగిరెగిరి పడుతూ, చంకల కింద ఒరుసుకుంటూ, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పట్టించింది. తర్వాత రకరకాల బరువులతో పరిగెత్తి ఒక లెక్క తేల్చుకున్నాడు. ఏడువందల గ్రాములు. అంతవరకు మోకాళ్లు ఊరుకుంటాయి. పైన ఏది పడ్డా నిమిషాలు తినేస్తుంది.

ఆ రోజు శనివారం, ఒంటిపూట డ్యూటీ. సంచీని పనికి తీసుకుపోయాడు. ఇంట్లో తూచేందుకు ఏమీ లేదు. నలభై టన్నుల లారీని తూచేవాడి ఇంట్లో తక్కెడ కూడా లేదని అత్తగారు అప్పుడప్పుడు నవ్వుతుంటుంది.

పదకొండింటికి కంకర లారీ వచ్చింది. దాని డ్రైవరుని అందరూ పొడుగాయన అంటారు. లారీలోంచి దిగాక కూడా కిటికీలోకి తొంగి చూడాలంటే నడుం వంచాలి.

"ఏంటి బాబాయ్ ఆ సంచీ? ఊరొదిలి పారిపోతున్నావా?"

"రేపు పరుగు."

"ఎవరు తరుముతున్నారు?"

"మా అత్తగారు."

"అయితే గట్టిగానే పరిగెత్తాలి" అన్నాడు పొడుగాయన. లారీని ముందుకు తీశాక వెళ్లిపోకుండా అక్కడే నిలబడి, "ఇంతకీ ఎంతుంది బరువు? ఎక్కు, ఎక్కు, నేను అంకె చెప్తాను" అన్నాడు.

లారీలు నిలబడే ఆ ఇనప పలకల మధ్యకి గుమాస్తా సంచీతో నడిచి వెళ్లాడు. అంత మైదానంలో ఒక్క మనిషి, ఫుట్‌బాల్ ఆటలో గోలు వేసేవాళ్లు లేని గోల్‌కీపరులా ఉన్నాడు.

"అరవై!" అరిచాడు పొడుగాయన.

సంచీ కింద పెట్టి వచ్చి మళ్లీ నిలబడ్డాడు.

"అరవై! చూశావా బాబాయ్, నీ సంచీకి బరువే లేదు. అన్నీ మోసుకెళ్లు!"

ఆ యంత్రం ఇరవై కిలోల మెట్లలో తప్ప మాట్లాడదు. దాని కళ్లకి సంచీ, సంచీ లేకపోవడం ఒకటే. అయినా ఆ అంకె చూసి అరక్షణం అతని గుండె తేలికపడింది. అన్నీ మొయ్యొచ్చనే మాట ఎవరన్నా, అది యంత్రమన్నా సరే, ఎంత హాయిగా ఉంటుందో.

డ్యూటీ దిగగానే పక్కనున్న విడిభాగాల షాపుకి వెళ్లాడు. అక్కడ నట్లు, బోల్టులు తూచే చిన్న కాటా ఉంది, గ్రాములతో సహా చెబుతుంది. షాపామె భోజనం డబ్బా మూత పెట్టి, కాటా ఇతని వైపు తిప్పింది.

"కానీ అన్నయ్యా. బోల్టుల మధ్య మీ బిస్కెట్లు కూడా చూద్దాం."

అతను సంచీ బదులు నడుముకి కట్టుకునే పట్టీని కాటా మీద పెట్టాడు. అత్తగారు పాత గొడుగు గుడ్డతో కుట్టిన పట్టీ, నాలుగు జేబులు. సున్నా బొత్తాం నొక్కాడు. తర్వాత ఒక్కొక్కటే వేస్తూ, పాత తూకపు చీటీ వెనకాల రాసుకున్నాడు. ఫోను నూటతొంభై. గ్లూకోజు బిళ్లలు అరవై. మీటరు, దాని సూది, డబ్బా కలిపి నూటడెబ్భై. వానకోటు రెండువందల పది. మోకాలి పట్టీ అరవై. మొత్తం ఆరువందల తొంభై.

"అయిపోయింది!" అన్నాడు. బల్ల మీద చేత్తో కొట్టాడు కూడా. "ఇంకా పది గ్రాములు మిగిలాయమ్మా!"

షాపామె కాటా వైపు చూసింది, అతని వైపు చూసింది. "అన్నయ్యా, నీళ్ల సీసా?"

"ఏ సీసా?"

"పట్టీకి తగిలించి ఉందిగా. దాంతో సహా సున్నా చేశావు."

అతను చూశాడు. నిజమే, నిండు సీసా పట్టీ పక్కన పిల్లిలా పడుకుని ఉంది. ఇరవై ఏడేళ్ల అలవాటు. వేబ్రిడ్జి మీదికి వచ్చే ఖాళీ లారీలో స్టెప్నీ టైరు, జాకీ, డ్రైవరు నీళ్ల క్యాను అన్నీ బండి కిందే లెక్క. బండిది బండికి పోగా మిగిలిందే సరుకు. నీళ్ల సీసా అతని కంటికి సరుకుగా ఆనలేదు.

అంతా కలిపి తూస్తే పదమూడువందల నలభై.

"బండి మోసేది బండి బరువు" అంది షాపామె. "ఇక్కడ రెండూ మోసేది నువ్వే కదన్నయ్యా."

వానకోటు తీసేశాడు. మోకాలి పట్టీ తీసేశాడు. పెద్ద సీసా బదులు షాపామె తన మందు సీసా ఒకటి కడిగి ఇచ్చింది, నీళ్లతో నూటడెబ్భై. దారిలో మూడు కిలోమీటర్లకోసారి నీళ్లిస్తారు కాబట్టి అది చాలు. పట్టీ బరువుతో సహా సరిగ్గా ఏడువందలు.

"మీటరెందుకు మరి?" అంది ఆమె. "ఇంట్లో చూసుకుని బయల్దేరితే పోయె. ఆ బరువుతో ఇంకో సీసా నీళ్లు పట్టేవి."

మామూలు మాటే. కానీ ఇంటికెళ్లే దారి పొడుగునా అతన్ని పట్టుకుని వదల్లేదు. మీటరు. నూటడెబ్భై గ్రాములు. బస్సులో పట్టీ ఒళ్లో పెట్టుకుని జేబు మీద వేలు వేసి నొక్కుతూనే ఉన్నాడు. నీళ్లెక్కువుంటే మంచిదే, ఎండ ఉంటుంది. బిళ్లలు ఎలాగూ ఉన్నాయి, అనుమానమొస్తే రెండు నోట్లో వేసుకుని పరిగెత్తొచ్చు. ఇలా ఎన్ని చెప్పుకున్నా అసలు సంగతి అతనికి తెలుసు. మీటరుంటే చూడబుద్ధవుతుంది. చూస్తే అంకె వస్తుంది. అంకె డెబ్భైకి తక్కువొస్తే డాక్టరు చెప్పింది చెయ్యాలి. బిళ్లలు నమిలి పావుగంట కదలకుండా కూర్చుని, మళ్లీ చూసుకుని, అప్పుడు లేవాలి. ఏడువందల గ్రాములతో పరిగెడితే అతని దగ్గర మిగులు నాలుగంటే నాలుగు నిమిషాలు. మీటరు లేకపోతే అంకె లేదు. అంకె లేకపోతే ఆగక్కర్లేదు.

సాయంత్రం అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి అతను సర్దడం చూసింది. అతను తీసేసినవన్నీ మంచం మీద వరసగా ఉన్నాయి. మళ్లీ లోపల పెట్టమని పోట్లాడుతుందని కాచుకున్నాడు.

"నేను ముట్టుకోను" అంది ఆవిడ. "ఏం మోస్తావో నువ్వే చూసుకో నాయనా. ఈ పట్టీ జోలికి నేను రాను."

పోట్లాడి ఉంటే బాగుండేది. ఆవిడ పక్కింటికి వెళ్లిపోయాక అతను కాలుగాలిన పిల్లిలా రెండు గదుల మధ్య తిరిగాడు. మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. జేబులో పెట్టాడు. పట్టీ కట్టుకుని వరండాలో అటూ ఇటూ పరిగెత్తి చూశాడు, మీటరుతో ఒకసారి, మీటరు లేకుండా ఒకసారి. ఏ తేడా లేదు. చీకటి పడకముందే మంచమెక్కాడు, మీటరు బల్ల మీదే ఉంది.

పొద్దున అత్తగారు టీ ఇచ్చింది. వేలికి సూది గుచ్చుకుని చూసుకున్నాడు, నూట నలభై. బ్రెడ్డు తిన్నాడు. ఆవిడ అతని మొహం వైపే చూసింది గానీ నడుము వైపు చూపు దించలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుందని తెలుస్తూనే ఉంది. అతను మెట్లు దిగాడు. గేటు తీశాడు. గేటు వేశాడు. గేటు ఇవతలే నిలబడి ఉన్నాడని రెండు నిమిషాలకి గ్రహించాడు. గబగబా మెట్లెక్కి, బూట్లతోనే లోపలికి వచ్చి, బల్ల మీద మీటరు తీసి జేబులో కుక్కుకున్నాడు.

"ఏదైనా మర్చిపోయావా?" అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"లేదత్తయ్యా" అని దిగిపోయాడు.

మొదటి పది కిలోమీటర్లు పెళ్లి ఊరేగింపంత సుఖంగా సాగాయి. పన్నెండో కిలోమీటరు దగ్గర లెక్క చూసుకుంటే అనుకున్నదానికంటే నిమిషం ముందే ఉన్నాడు. కాలవలో నీళ్లు అతనితో పాటే పోతున్నాయి. ఎవరో నారింజ చొక్కావాడు దాటిపోతూ "బాగుంది పెద్దాయనా, అలాగే కానీ" అన్నాడు.

పదమూడో రాయి కనబడింది. దాని మీది అంకె చదవడానికి అతనికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. పదమూడా, పద్దెనిమిదా? నాలుక మందంగా ఉంది. చెమట చల్లగా ఉంది. ఎండలో పరిగెత్తేవాడి చెమట చల్లగా ఉండకూడదు. ఇది అలసటేలే అనుకున్నాడు. నాలుగడుగులు వేశాక మళ్లీ అలసటేలే అనుకున్నాడు. గడియారం చూశాడు, గంటా నలభై నాలుగు. ఇంకా ఐదు కిలోమీటర్లు. ఈ అడుగుతోనే వెళ్తే ఇంకా ఐదారు నిమిషాలు ఉండగానే ఆనకట్ట. ఆనకట్ట దగ్గర చూసుకోవచ్చు. ఆ తర్వాతి రాయి దాకా వెళ్లి చూసుకోవచ్చు. ఇదొక్క రాయి.

ఇదొక్కటి. ఆ మాట తనదేనని గుర్తుపట్టాడు. ఎనిమిది నెలల క్రితం తొమ్మిదిసార్లు అనుకున్న మాట.

కాళ్లు ఇంకా పరిగెడుతూనే ఉన్నాయి. వాటిని ఆపడానికి కాలవగట్టు మీది సిమెంటు దిమ్మ పట్టుకోవాల్సొచ్చింది. కూర్చున్నాడు. సీసాలో నీళ్లతో వేళ్లు కడుక్కుని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. డబ్బాలో, రక్తపు చుక్క అంటించి మీటరులో పెట్టే కాగితపు పుల్లలు పాతవి మూడు మిగిలి ఉన్నాయి. కొత్త డబ్బా తెరవడం ఎందుకని అదే పట్టుకొచ్చాడు. మొదటి పుల్ల వేళ్లలోంచి జారి కాలవలో పడింది. అది నీళ్ల మీద తెల్లగా తేలుతూ ఆనకట్ట వైపు పోయింది. రెండోదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

యాభై ఎనిమిది.

నాలుగు బిళ్లలు నమిలాడు. గడియారం మోకాలి మీద పెట్టుకున్నాడు. పావుగంట.

ఆ పావుగంట అంత పొడుగుంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. దాటిపోయిన ప్రతివాడూ తన నిమిషాన్ని ఒకదాన్ని పట్టుకుపోతున్నట్టనిపించింది. ఐదు నిమిషాలకి తల తేలికపడింది, ఇక లేవొచ్చనిపించింది. లేచాడు. కూర్చున్నాడు. తొమ్మిదో నిమిషం దగ్గర ఇప్పుడు లేచి విడవకుండా పరిగెత్తినా వ్యాను తప్పదని లెక్క తేలిపోయింది. పెద్దత్తయ్య మొహం కళ్లముందుకొచ్చింది, ఫోటోలో ఉన్నట్టు కాదు, ఫోనులో గొంతు ఎలా ఉంటుందో అలాంటి మొహం. రావే, నేనున్నప్పుడే రావే. అతను సిమెంటు దిమ్మ అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వాలంటీరు పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి, "ఏమైనా కావాలా అంకుల్?" అంది. వద్దన్నాడు. ఆమె వెళ్లిపోకుండా, అతని మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడింది. అతను చాలాసేపటికి గాని అది గమనించలేదు.

మూడో పుల్ల. ఎనభై ఆరు.

లేచి మొదట నడిచాడు, తర్వాత మెల్లిగా పరిగెత్తాడు. పదహారో రాయి ఇంకా రాకముందే వెనకాల వ్యాను హారను వినబడింది.

వ్యానులో ఆరుగురున్నారు. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. కిటికీ పక్కన కూర్చున్నావిడ జరిగి, ఆ చోటు అతనికిచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మెట్ల మీద కూర్చుని ఉంది. లేవలేదు. అతని మోచేతులు చూసింది, మోకాళ్లు చూసింది, అరచేతులు తిప్పి చూసింది, నుదురు చూసింది.

"అయిందా?"

"లేదత్తయ్యా. వ్యానులో వచ్చాను."

"పడ్డావా?"

"పడలేదు. పదమూడో రాయి దగ్గర చక్కెర తగ్గింది. కూర్చున్నాను."

"ఎవరు కూర్చోమన్నారు?"

"ఎవరూ అన్లేదు. మీటరులో చూసి కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"పావుగంట."

"కూర్చుంటే టైము దాటిపోతుందని తెలుసా నీకు?"

"తెలుసు" అన్నాడు. "మూడు నెలల్లో ఇంకో పరుగుంది అత్తయ్యా. అది తప్పకుండా..."

ఆవిడ మాట పూర్తి కానివ్వకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది. కోపమొచ్చిందనుకున్నాడు. బూట్ల ముడులు విప్పసాగాడు. మూడు నెలలంటే ఎంత? అక్కడ ఆవిడ మూడు నెలలు ఉంటుందా? ఒక బూటు విప్పి, రెండోది కాలికుండగానే లేచి లోపలికి నడిచాడు.

అత్తగారు ఫోనులో ఉంది. అక్కకి వినబడదని ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది. ఇవాళ గోడలు అదిరేలా అరుస్తోంది.

"అక్కా, నేనే! అల్లుడు పరుగు పూర్తి చెయ్యలేదు! ఆఁ, చెయ్యలేదు! మధ్యలో కూర్చున్నాడట! కాదే పిచ్చిదానా, బాగున్నాడు, నా ఎదురుగానే ఉన్నాడు, ఒంటికాలి బూటుతో! తనంతట తనే కూర్చున్నాడే! ఎవరూ చెప్పకుండా! ఓడిపోతానని తెలిసి కూడా కూర్చున్నాడు!" ఆవిడ గొంతు ఒక్కసారిగా తగ్గింది. "వస్తున్నానే. ఈసారి నిజంగానే. ఉండు నువ్వు."

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి అతని వైపు తిరిగింది. "రైలెప్పుడుందో చూడు. పగలు బయల్దేరే బండి. కిటికీ పక్కన దొరుకుతుందేమో."

అతను పట్టీ జేబులోంచి ఫోను తీశాడు. తేదీలు వెతికాడు, మంగళవారం దొరికింది, చెప్పాడు. ఆవిడ తలూపింది.

"తిరుగు టికెట్టు కూడా తీసెయ్యనా అత్తయ్యా?"

ఆవిడ ఫోను మీది చెయ్యి ఇంకా తియ్యలేదు. అవతల నుంచి అక్క గొంతు సన్నగా, ఆగకుండా వినబడుతూనే ఉంది.

"తేదీ వెయ్యకుండా ఇస్తారా వాళ్లు?"

"ఇవ్వరు."

"అయితే వెళ్లేదొక్కటే తీయి" అంది, మళ్లీ ఫోను చెవికి ఆనించుకుంటూ.